ఇస్తుంది అన్నచోట ఇవ్వవచ్చు

మా పెద్దక్క పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆవిడ నాకు వరసకి ఏమీ కాదు. మొక్కల నర్సరీలో అంట్లు కట్టే ఆడవాళ్ళందరిలోకీ పాత మనిషి కాబట్టి అందరూ పెద్దక్క అనేవాళ్ళు. నేనూ అలాగే అన్నాను.

ధవళేశ్వరం నుంచి కాలువ వెంట కిందికి వెళుతుంటే రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. అందులో ఒకదాంట్లో నేను జీతానికి పనిచేస్తున్నాను. అంతకుముందు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఆ బడి మూతపడ్డాక ఇక్కడికి వచ్చాను. మొక్కల పేర్లు చీటీల మీద రాసి కట్టడం, లారీకెక్కే మొక్కల్ని చూసి పంపడం నా పని. వచ్చిన కొత్తలో ఎండకి తట్టుకోలేక పందిరి కింద కూలబడితే పెద్దక్క తన మజ్జిగ సీసా నా చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నాలు ఇద్దరం కలిసే తినేవాళ్ళం.

ఆవిడ మామిడి అంట్లు కట్టేది. కత్తితో ఒక్క కోత కోసి, కొమ్మని అందులో కూర్చోబెట్టి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి, తర్వాతి మొక్కకి జరిగిపోయేది. పక్కవాళ్ళు రెండు కట్టేలోపు ఆవిడ మూడు కట్టేది. ఆవిడ కట్టినవి చావవని యజమాని గారు కొన్నవాళ్ళతో చెబుతుండేవారు. ఆ మాట విన్నప్పుడు తలెత్తకుండా పని చేసుకునేది గానీ, చెవి అటే ఉండేది.

కరోనా తగ్గిన ఏడాది మాతో పనిచేసే ఒకావిడ జ్వరంతో చనిపోయింది. ఏ జ్వరమో ఎవరికీ తెలియలేదు. రక్త పరీక్ష చేయించలేదు. ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు వాళ్ళింట్లో ఉంది. కానీ జబ్బేంటో తేలి, ఆసుపత్రిలో చేర్చుకున్నాకే ఆ కార్డుతో పని. తేల్చుకోవడానికయ్యే పరీక్షలు, స్కానింగులు, వెళ్ళే దారి ఖర్చు, పోయే కూలి మన చేతిలోంచే పోవాలి. అక్కడే ఆవిడ ఆగిపోయింది.

ఆ నెలలోనే చుట్టుపక్కల నర్సరీల ఆడవాళ్ళం కలిసి సంఘం పెట్టుకున్నాం. వారం వారం కూలిలోంచి కొంత వేసుకోవాలి. రాయడం వచ్చిందాన్ని కాబట్టి కార్యదర్శి నేనే. నియమాలన్నీ నా చేత్తోనే రాశాను. అందులో మూడో నియమం ఇది: సభ్యులకు జబ్బు చేసినప్పుడు పరీక్షలకు, మందులకు అయ్యే ఖర్చు సంఘం ఇస్తుంది. రాజమండ్రిలో ఒక నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరమ్మ గారు ఒప్పుకున్నారు. సభ్యురాలు మేమిచ్చిన సంఘం కార్డు చూపిస్తే వాళ్ళు పరీక్షలు చేసి, బిల్లు సంఘానికి పంపుతారు.

ఆ కార్డుతో అక్కడికి మొదట వెళ్ళింది పెద్దక్కే. నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే వెళ్ళి చూపించుకుని వచ్చింది. మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు అన్నం దగ్గర అడిగాను.

"ఎలా చూశారు పెద్దక్కా?"

"బానే చూశారే. కార్డు బల్ల మీద పెట్టాను. ఆ కూర్చున్న పిల్ల చూసి, కూర్చోండమ్మా అంది. ఏంటి, ఎందుకు, మీ ఆయనేం చేస్తాడు, ఒక్క మాట అడగలేదు. పేరు పిలిచారు, లోపలికెళ్ళాను."

ఆ మాట ఎందుకంత ఇష్టంగా చెప్పిందో అప్పటికే నాకు తెలుసు. ఆవిడ భర్త బతికి ఉండగా ఒకసారి కడుపులో పుండుతో మెలికలు తిరిగిపోతే, సాయం కోసం ఊళ్ళో ఒక పెద్దింటికి వెళ్ళిందట. పెరటి గుమ్మం దగ్గర నుంచోమన్నారట. పొద్దున వెళితే మధ్యాహ్నం వాళ్ళ భోజనాలయ్యేదాకా నుంచుంది. వచ్చిపోయే ప్రతివాళ్ళూ ఏంటమ్మా సంగతని అడిగేవాళ్ళట. ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పుకోవాల్సి వచ్చిందట. చివరికి ఇచ్చారు, భర్త ఆ గండం గట్టెక్కాడు. అయినా ఆవిడ ఆ వీధిలోకి మళ్ళీ వెళ్ళలేదు. సంతకి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి కాలువ గట్టు మీంచే వెళ్ళేది.

సంఘం రెండేళ్ళు బాగా నడిచింది. అంట్లు కట్టేవాళ్ళే కాకుండా కవర్లలో మట్టి నింపేవాళ్ళు, లోడింగు వాళ్ళు, వ్యాన్ డ్రైవర్లు కూడా చేరారు. పక్క మండలం నుంచి ఇటుక బట్టీల వాళ్ళొచ్చి మమ్మల్నీ చేర్చుకోండని అడిగారు. ఆ గొప్పే కాబోలు పై వాళ్ళ చెవిన పడింది. రాజమండ్రిలో సంఘాల్ని తనిఖీ చేసే ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మరుసటి వారం ఒక అధికారి గారు స్వయంగా వచ్చారు.

ఆయన గురించి చెడ్డగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. యాభై దాటిన మనిషి. చెప్పులు బయట విప్పి మా షెడ్డులోకి వచ్చారు. కాఫీ ఇస్తే తాగారు. నియమాల కాగితాలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"చేతిరాత మీదేనాండి?" అన్నారు.

"అవునండి."

"బావుంది. ఇదిగో, ఈ మూడో నియమం దగ్గరే వచ్చిందండి ఇబ్బంది. డబ్బు కట్టించుకుని, జబ్బు చేస్తే ఇస్తాం అని మాటిస్తే దాన్ని బీమా అంటారండి. బీమా చేయాలంటే దానికి వేరే అనుమతి ఉండాలి, వెనకాల పెట్టుబడి చూపించాలి. అది మీ వల్ల కాదు."

"మేం ఎవర్నీ మోసం చెయ్యలేదండి. అందరికీ ఇస్తున్నాం."

"నాకు తెలుసమ్మా. మీరు మంచివాళ్ళని నేను రాసిస్తాను. కానీ ఇలాగే ఇంకో చోట కార్డులు పంచారండి. మీలాగే మంచిగానే మొదలెట్టారు. ఒకేడాది జబ్బులు ఎక్కువైపోయాయి. నిధి అయిపోయింది. ఆ సంగతి కట్టినవాళ్ళకి తెలియదు. ఒకాయన్ని ఆపరేషన్ బల్ల దగ్గర్నుంచి వెనక్కి పంపారు. ఆయన భార్య ఆ కార్డు పట్టుకుని మా ఆఫీసుకొచ్చింది."

కాగితాలు నా వైపు జరిపి మళ్ళీ అన్నారు.

"సంఘం మూసెయ్యక్కర్లేదండి. ఒక్క మాట మార్చండి. ఇస్తుంది అన్నచోట ఇవ్వవచ్చు అని రాయండి. అప్పుడది సహాయం అవుతుంది. కార్డు ఉండకూడదు. కావాల్సినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవాలి, కమిటీ కూర్చుని విచారించి నిర్ణయించాలి. అలా అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు."

మూసెయ్యమంటారేమోనని వారం నుంచి నిద్ర లేదు. ఒక్క మాటే కదా అనుకున్నాను. ఆ నేనే తెలుగు పాఠం చెప్పినదాన్ని. ఒక్క మాట మారితే ఏం మారుతుందో పిల్లలకి బోర్డు మీద రాసి చూపించినదాన్ని.

ఆదివారం అందర్నీ మొక్కల నీడకి కట్టిన షేడ్ నెట్ కింద కూర్చోబెట్టి చదివి వినిపించాను. అందరూ సరే అన్నారు. పెద్దక్క ఒక్కతే లేచింది.

"అంటే రేపు నాకు జ్వరమొస్తే ఇస్తారా, ఇవ్వరా?"

"ఇస్తాం పెద్దక్కా. కాగితం మీదే మారుతుంది. మనం మనమే కదా."

"మనం మనమే అయితే నేను దరఖాస్తు ఎందుకు పెట్టాలే?"

నవ్వారు అందరూ. నేనూ నవ్వాను. ఆవిడ కూర్చుంది. సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను. కార్డులు వెనక్కి తీసుకున్నాను. ఆవిడ తన కార్డు అందరి తర్వాత తెచ్చి ఇచ్చింది.

కమిటీలో ఐదుగురం. నేను, అంట్లు కట్టేవాళ్ళలో ఇద్దరాడవాళ్ళు, డ్రైవర్ల తరఫున ఒకాయన, లోడింగు మేస్త్రీ. శనివారం సాయంత్రం పని దిగాక కూర్చునేవాళ్ళం. మొదటి రెండు నెలలు వచ్చినవాళ్ళందరికీ ఇచ్చేశాం. మూడో నెల వర్షాలకి ఊరంతా జ్వరాలు. అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అప్పుడు ఎంచడం మొదలైంది.

మేం చెడ్డవాళ్ళం కాదు. కానీ ఇవ్వాలా వద్దా అని తేల్చే చోట కూర్చున్నాక ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. మీ అబ్బాయి సంపాదిస్తున్నాడు కదా. మీ ఆయన తాగుడు మానాడా. పోయినసారి నీకిచ్చాం కదా. ఇవన్నీ ఒకళ్ళనొకళ్ళు రోజూ చూసుకునే మనుషులు అడిగిన ప్రశ్నలు. ఒక శనివారం మోకాళ్ళ నొప్పులతో ఒకావిడ వచ్చింది. ఎక్స్‌రే తీయించుకోవాలంది. ఆవిడ వెనకాల జ్వరాల వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఇంకొన్నాళ్ళు ఓర్చుకోగలవా అని అడిగింది నేనే. ఓర్చుకుంటానండి అంది. రోజూ నన్ను నువ్వు అనే మనిషి ఆ రోజు అండి అంది. బయటికి వెళ్ళి పైటతో మొహం తుడుచుకుంది. బయట బల్ల మీద ఎవరికో తోడొచ్చి కూర్చున్న పెద్దక్క అదంతా చూసింది.

ఆ వర్షాకాలంలోనే పెద్దక్క ఎడమ చెయ్యి ఒంటికి అంటిపెట్టుకుని పనిచేయడం గమనించాను. పైట కూడా ఎప్పుడూ కప్పుకున్నట్టు కట్టుకుంటోంది. మూడు కట్టే చోట రెండే కడుతోంది.

"చేతికేమైంది పెద్దక్కా?"

"ఏమీ లేదే. గులాబీ మొక్కలు మోశాను కదా, ముల్లు దిగింది."

నమ్మానా? నమ్మలేదని ఇప్పుడు అనిపిస్తుంది. ముల్లు దిగితే పది రోజులు, పదిహేను రోజులు. దసరా వెళ్ళింది, కార్తీకం వెళ్ళింది. రెండోసారి అడగలేదు. జబ్బుంటే చెబుతుందిలే, చెబితే దరఖాస్తు రాసిపెడదాంలే అనుకున్నాను. ఆవిడ దగ్గరికి నేను వెళ్ళాల్సిన దాన్ని. ఆవిడే నా దగ్గరికి రావాలని కూర్చున్నాను.

సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఆవిడ కూతురు నర్సరీకి వచ్చింది. మండపేట దగ్గర ఇచ్చారు ఆ అమ్మాయిని. పందిరి దగ్గర నన్ను పక్కకి పిలిచింది.

"అమ్మ మీకేం చెప్పలేదాండీ?"

"ఏం చెప్పాలమ్మా?"

"రొమ్ములో గడ్డండి. నిన్న నేను తల రుద్దుతుంటే చూశాను. పుండు పడిపోయిందండి. ఎన్నాళ్ళ నుంచని అడిగితే మాట్లాడటం లేదు."

ఆ రోజే బయల్దేరాం. రాజమండ్రిలో పరీక్షలు చేశారు. ఆ ఖర్చు నేనే పెట్టాను, ఎవర్నీ అడగలేదు, ఏ కమిటీ కూర్చోలేదు. అక్కడి నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి పంపారు. జబ్బు తేలింది కాబట్టి ఇక ప్రభుత్వ కార్డు పనిచేసింది. మంచం, మందులు, సెలైన్లు అన్నీ ఉచితం. డాక్టరమ్మ గారు రిపోర్టులు చూసి, కూతుర్ని బయటికి పంపి, నాతో చెప్పారు.

"ఊపిరితిత్తులకి వెళ్ళిందండి. ఆరేడు నెలల కిందట వచ్చుంటే మాట వేరు. అప్పుడు గడ్డ చిన్నగా ఉండేది కదా, ఆవిడకి తెలియలేదా?"

తెలిసిందని నాకు తెలుసు.

రెండోసారి మందులెక్కించిన రోజు, కూతురు టిఫిన్ తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు అడిగాను. అడక్కుండా ఉండాల్సిందేమో.

"ఎందుకు చెప్పలేదు పెద్దక్కా? నేను ఇవ్వననుకున్నావా?"



"ఇస్తారని తెలుసే. నువ్వు ఇప్పిస్తావని తెలుసు."

"మరి?"

"దరఖాస్తులో ఏ జబ్బో రాయాలి కదా. రాస్తే చదువుతారు కదా. ఆ ఐదుగురిలో మగాళ్ళిద్దరున్నారు. మేస్త్రీ రోజూ నా ఎదురుగా మొక్కలు లెక్కెడతాడు. ఎక్కడమ్మా గడ్డ, ఎంతుంది, ఎన్నాళ్ళైంది అని అడిగితే నేనేం చెప్పను? ఆళ్ళ ముందు నుంచుని చెప్పనా?"

"నాతో ఒక్కదానితో చెప్పాల్సింది."

"నువ్వు అటేపు కూర్చున్నావు కదే అమ్మాయీ."

కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నా చెయ్యి పట్టుకునే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. ఊరుకోవే, పక్క మంచాల వాళ్ళు చూస్తున్నారు అంది. కాసేపటికి మళ్ళీ తనే అంది.

"ఆ నర్సింగ్ హోమ్‌లో అయితే లోపల డాక్టరమ్మ ఒక్కత్తే. ఎళ్ళి చూపించుకునేదాన్ని. కార్డు ఉంటే ఎళ్ళేదాన్నే."

ఎండలు ముదరకముందే పెద్దక్క పోయింది. చివరి వారం ఇంటి దగ్గరే ఉంది. నర్సరీలో ఆ రోజు ఎవరూ కత్తి పట్టలేదు. సంఘం తరఫున దండ తెచ్చారు. మేస్త్రీ మోసుకెళ్ళినవాళ్ళలో ఒకడు. ఆయనకి ఏ సంగతీ తెలియదు. మంచి మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ని చూసి నాకు ఇంకా ఎక్కువ బాధేసింది.

పెద్దకర్మ అయ్యాక నేను రాజమండ్రి ఆఫీసుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో స్పష్టంగా తెలియదు. ఆ అధికారి గారిని నిలదీద్దామని కొంత ఉంది. ఆయన నన్ను గుర్తుపట్టి కుర్చీ చూపించారు. జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఒకరు ఫైలు పట్టుకొస్తే తర్వాత రమ్మని పంపేశారు. నేను ఆపాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేను చెప్పింది తప్పు కాదండి," అన్నారు. గొంతు చాలా చిన్నగా ఉంది.

"కాదండి. నేనూ అదే అనుకుంటున్నాను."

"ఆ కార్డు పట్టుకుని వచ్చిన ఆవిడని చూశాక, ఇంకెవరికీ అలా కాకూడదనే చెప్పానండి."

"తెలుసండి."

తప్పు ఎవరిదో తేలితే ఇద్దరికీ తేలిగ్గా ఉండేది. తేలలేదు. కాసేపటికి ఆయన ఒక తెల్లకాగితం తీసుకున్నారు. ఇవ్వవచ్చు అన్న మాట అలాగే ఉండాలండి, అది మార్చలేను, కానీ ఎలా విచారించాలో చట్టం చెప్పలేదు అన్నారు. ఐదుగురు కూర్చోవాలని ఎక్కడా లేదట. కమిటీ తన అధికారాన్ని ఒక్కరికి అప్పగించవచ్చట. ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. దరఖాస్తులో జబ్బు పేరు రాయక్కర్లేదు. పనిమానేసి ఇంట్లో ఉన్న ఒక పాత నర్సమ్మ గారు మా ఊళ్ళోనే ఉన్నారని నేను చెప్పాను. ఆవిడ ఒక్కరే మనిషితో మాట్లాడి, అవసరం ఉంది అని సంతకం పెడితే చాలు. డబ్బు ఎంత మిగిలిందో నెలనెలా బోర్డు మీద రాయాలి, అది మాత్రం ఆయన గట్టిగా చెప్పారు. ఇది మొదటే చెప్పి ఉండాల్సిందండి అన్నారు లేచేటప్పుడు. మొదటే అడగాల్సిందండి అన్నాను నేను.

ఇప్పుడు అలాగే నడుస్తోంది. నర్సమ్మ గారి వీధి అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కనిపిస్తారు. ఏం జబ్బో నాకు తెలియదు, తెలుసుకోను. నేను కమిటీలోంచి తప్పుకున్నాను. కార్యదర్శి పని మాత్రం వదలనివ్వలేదు, రాసేవాళ్ళు లేరని.

పోయిన ఏడాది పెద్దక్క కూతురు ఫోన్ చేసింది. తల్లికి వచ్చింది కాబట్టి తననీ ఒకసారి పరీక్ష చేయించుకోమన్నారట, తోడు రాగలరా అండీ అని అడిగింది. వెళ్ళాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆసుపత్రిలో కూర్చున్నాం. ఏమీ లేదన్నారు. ఆ అమ్మాయి రిపోర్టు కవరు రెండు చేతుల్తో పట్టుకుని బస్సెక్కింది. కొంత దూరం వెళ్ళాక నా వైపు తిరిగింది.

"అమ్మకి ఎప్పట్నుంచి ఉందో మీకేమైనా తెలుసాండి? రోజూ కలిసి తినేవారు కదా."

అబద్ధం చెప్పొచ్చు. బస్సులో ఉన్నాం, గోలగా ఉంది, వినపడలేదని కూడా అనొచ్చు.

"వర్షాల్లోనే చెయ్యి సరిగ్గా కదపడం లేదని చూశానమ్మా. ఒక్కసారి అడిగాను. ముల్లు దిగిందంది. మళ్ళీ అడగలేదు," అన్నాను.

ఆ అమ్మాయి కవరు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తన ఊరి దగ్గర బస్సు ఆగాక, వెళ్ళొస్తానండి అని మామూలుగానే చెప్పి దిగింది. ఆ తర్వాత ఫోన్ చేయలేదు. నేను రెండుసార్లు నంబరు తీసి చూశాను గానీ, నొక్కలేదు.